మధ్యాహ్నం బ్యాచ్‌కే ఎందుకు పెరిగింది: విజయవాడ వ్యాయామశాస్త్ర ప్రయోగశాల నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు విజయవాడలోని ఒక వ్యాయామశాస్త్ర పరిశోధన ప్రయోగశాలది. 800, 1500 మీటర్ల పరుగులో సాధన చేస్తున్న కళాశాల అమ్మాయిలను రెండు బృందాలుగా తీసుకున్నారు. ఒక బృందం చేత నిలకడ వేగంతో దూరపు పరుగులు, రెండో బృందం చేత కోచ్‌లు ఇంటర్వెల్స్ అని పిలిచే విరామాల పరుగులు ఎనిమిది వారాల పాటు చేయించి, శిక్షణకు ముందూ తర్వాతా వాళ్ల వీఓటూ మ్యాక్స్ కొలవాలన్నది అధ్యయనం ఉద్దేశం. గరిష్ఠ శ్రమలో శరీరం నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్ ఎంతో ఆ కొలత చెబుతుంది; సాధారణంగా దాన్ని కిలో శరీర బరువుకు ఇన్ని మిల్లీలీటర్లు అని రాస్తారు. ముందు పరీక్షలు సంక్రాంతి సెలవుల తర్వాత జనవరి చివర్లోనూ, తర్వాతి పరీక్షలు ఏప్రిల్‌లోనూ జరిగాయి. యంత్రాలను సిద్ధం చేయడం, కాలిబ్రేషన్ (తెలిసిన విలువలతో పోల్చి యంత్రం రీడింగులను సరిచేయడం), పరీక్ష నడపడం, డేటాను భద్రపరచడం టెక్నీషియన్‌గా నా పని.

ఏప్రిల్ పరీక్షలు సగం దాటేసరికి దూరపు పరుగుల బృందం రెండు మూడు శాతం, ఇంటర్వెల్స్ బృందం దాదాపు పది శాతం మెరుగైనట్టు కనిపించింది. ఎనిమిది వారాల ఇంటర్వెల్స్ తర్వాత పది శాతం పెరుగుదల నమ్మరానిదేమీ కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సదస్సుకు పంపడానికి గ్రాఫ్ కూడా తయారైంది. ఆ పెరుగుదలలో పెద్ద భాగం గదిలోని తేమ వల్ల వచ్చినదని ఎలా తేలిందో, తేలాక ఏం చేశామో కొంత వివరంగా రాస్తున్నాను. కోస్తాలో వేసవిలో ఇలాంటి పరీక్షలు చేసే ఏ ప్రయోగశాలకైనా ఈ ఇబ్బంది ఎదురుకావచ్చు.

యంత్రం చేసే లెక్క

పరీక్షలో అమ్మాయి ముఖానికి మాస్క్ బిగించి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తాము. బయట పరుగులో ఎదురయ్యే గాలి నిరోధానికి బదులుగా ట్రెడ్‌మిల్‌కు ఒక శాతం వాలు ఇచ్చి, నిమిషానికోసారి వేగం పెంచుతూ, ఆమె ఇక తన వల్ల కాదని చెయ్యి ఎత్తేదాకా కొనసాగిస్తాము. మాస్క్ ముందున్న చిన్న టర్బైన్ వదిలిన గాలి పరిమాణాన్ని లెక్కిస్తుంది. అక్కడి నుంచే ఒక సన్నని గొట్టం కొద్దికొద్దిగా గాలిని లాగి సెన్సార్లకు చేరుస్తుంది. ఒక సెన్సార్ ఆక్సిజన్ శాతాన్ని, పరారుణ కిరణాలతో పనిచేసే మరో సెన్సార్ కార్బన్ డయాక్సైడ్ శాతాన్ని చెబుతాయి.

బయటి పొడి గాలిలో ఆక్సిజన్ 20.93 శాతం. గట్టిగా పరుగెత్తే మనిషి వదిలే గాలిలో అది 17, 18 శాతాల మధ్య ఉంటుంది. అంటే శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకుందన్న లెక్కంతా మూడు శాతం చిల్లర తేడా మీద నిలబడి ఉంది. ఆక్సిజన్ రీడింగ్ పావు శాతం జారితే చూడటానికి అది చిన్న తేడా, కానీ తుది ఫలితంలో పదో వంతుకు చేరుతుంది.

దీనికి మరో సంగతి తోడవుతుంది. పీల్చిన గాలి ఎంతో మా యంత్రం విడిగా కొలవదు. శరీరం నైట్రోజన్‌ను ఖర్చు చేయదు, పుట్టించదు అన్న ఆధారంతో, వదిలిన గాలిలోని నైట్రోజన్ శాతాన్ని బట్టి పీల్చిన గాలిని లెక్కగడుతుంది. హాల్డేన్ పేరుతో చెప్పుకునే ఈ పద్ధతిలో నైట్రోజన్‌ను కూడా నేరుగా కొలవరు. నూరులోంచి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ శాతాలు తీసివేయగా మిగిలినదంతా నైట్రోజనే అనుకుంటారు. ఆక్సిజన్ తక్కువగా చదివితే నైట్రోజన్ ఎక్కువగా కనిపిస్తుంది, పీల్చిన గాలి ఎక్కువగా తేలుతుంది, దాంతో మొదటి పొరపాటు మరింత పెరుగుతుంది.

ఇక ఆ సన్నని గొట్టం. దానిలో కొంత భాగం నాఫియాన్ అనే పదార్థంతో చేసినది. ఆ పదార్థం మిగతా వాయువులను ఆపి, నీటి ఆవిరిని మాత్రం గోడల గుండా అటూ ఇటూ పోనిస్తుంది. నోటి నుంచి పూర్తి తేమతో వచ్చిన గాలి ఆ భాగం దాటేసరికి, దానిలోని తేమ గదిలోని గాలి తేమతో సమానమవుతుంది. గొట్టం గాలిని ఆరబెడుతుందని చాలామంది అనుకుంటారు. అది గాలిని గది తేమ స్థాయికి తెచ్చి వదులుతుంది, అంతవరకే. కాబట్టి కాలిబ్రేషన్ నాటి తేమ పరీక్ష ముగిసేదాకా అలాగే ఉంటే లెక్క సరిపోతుంది, మధ్యలో మారితే సరిపోదు. మా మోడల్‌లో తేమ, ఉష్ణోగ్రత కొలిచే సెన్సార్ ఉంది గానీ, అది కాలిబ్రేషన్ సమయంలో తీసుకున్న విలువనే తర్వాతి కాలిబ్రేషన్ దాకా వాడుకుంటుంది.

ఏప్రిల్ మధ్యాహ్నాలు

అధ్యయనం ప్రోటోకాల్ ప్రకారం కాలిబ్రేషన్ రోజుకు రెండుసార్లు జరిగేది: ఉదయం మొదటి పరీక్షకు ముందు ఒకసారి, భోజనాల తర్వాత మరోసారి. జనవరిలో ఇది చక్కగా సరిపోయింది. అప్పుడు ఏసీ అవసరం లేదు, గది గాలి పూటంతా ఒకే తీరుగా ఉండేది.

దూరపు పరుగుల బృందంలోని అమ్మాయిలు నగరంలోనే ఉంటారు. ఇందిరా గాంధీ స్టేడియంలో సాధన చేసే వీళ్లను ఉదయం పరీక్షలకు పిలిచేవాళ్లం. ఇంటర్వెల్స్ బృందం అంతా ఒకే హాస్టల్ నుంచి వచ్చేది. ఉదయం వాళ్లకు తరగతులు ఉండటంతో మధ్యాహ్నం రెండు దాటాకే రాగలిగేవాళ్లు. ఎవరి సౌకర్యాన్ని బట్టి వాళ్లకు సమయం ఇవ్వడంలో తప్పేమీ కనిపించలేదు. కానీ దాని వల్ల ఒక బృందం మొత్తం ఉదయానికీ, మరో బృందం మొత్తం మధ్యాహ్నానికీ ముడిపడిపోయింది. రోజులోని వేళ కారణంగా ఏ తేడా వచ్చినా అది శిక్షణ వల్ల వచ్చిన తేడాగా కనిపించే అవకాశం అక్కడే పుట్టింది.

ఏప్రిల్ వచ్చేసరికి మధ్యాహ్నాలు కరెంటు పోవడం మొదలైంది. జనరేటర్ లైను యంత్రాలకూ, ట్రెడ్‌మిల్‌కూ, లైట్లకూ ఉంది, ఏసీకి లేదు. రెంటచింతల ఎండల గురించి పత్రికల్లో చదివే రోజుల్లో మూసిన గదిలో ఒక అమ్మాయిని శక్తి అడుగంటేదాకా పరుగెత్తించడం ప్రమాదకరం కాబట్టి, ఆమెకు ఎదురుగా గాలి తగిలేలా ఒక పెద్ద ఎయిర్ కూలర్ తెచ్చి పెట్టారు. ఉద్దేశం పూర్తిగా మంచిది, ఫలితం కూడా వెంటనే తెలిసింది: గోడ మీది థర్మామీటర్ రెండు మూడు డిగ్రీలు తగ్గింది, అమ్మాయిలు హాయిగా ఉందన్నారు. కూలర్ పనిచేసేదే గడ్డి పలకల మీద జారే నీటిని ఆవిరి చేసి గాలిలో కలపడం ద్వారా. ఆ నీరంతా గది గాలిలోనే ఉండిపోతుంది. థర్మామీటర్ చల్లదనాన్ని చూపింది. తేమను చూపే పరికరం గోడ మీద లేదు.

పొసగని మూడు సంగతులు

మొదటి అనుమానం వీఓటూ మ్యాక్స్ అంకె చూసి రాలేదు. దాని పక్క గడిలో ఉండే ఆర్‌ఈఆర్ చూసి వచ్చింది. వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకున్న ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే నిష్పత్తి అది. మనిషి నిజంగా చివరి శక్తి దాకా పరుగెత్తితే అది సాధారణంగా 1.10 దాటుతుంది, పరీక్ష గరిష్ఠానికి చేరిందనడానికి మేము చూసే గుర్తుల్లో అదొకటి. జనవరిలో ఈ అమ్మాయిలందరూ 1.10 దాటారు. ఏప్రిల్‌లో ఉదయం బ్యాచ్ కూడా దాటింది. మధ్యాహ్నం బ్యాచ్ మాత్రం 1.02, 1.03 దగ్గర ఆగిపోతూ వచ్చింది.

ఆర్‌ఈఆర్ తక్కువగా ఉంటే సాధారణంగా ముందు వచ్చే మాట, ఆటగాళ్లు పూర్తిగా ప్రయత్నించలేదని. నేను ఆ మాటతో సరిపెట్టుకోలేకపోయాను, ఎందుకంటే పరీక్ష ముగియగానే వేలి నుంచి తీసిన రక్తంలో లాక్టేట్ (గట్టి శ్రమలో కండరాల నుంచి రక్తంలోకి చేరే పదార్థం) లీటరుకు 9, 10 మిల్లీమోల్స్ దాకా ఉంది. గరిష్ఠ శ్రమకు గుర్తుగా 8 దాటితే చాలంటారు. గుండె వేగం కూడా జనవరి నాటి గరిష్ఠానికి సమానంగానే ఉంది. రక్తం గరిష్ఠ శ్రమ జరిగిందంటోంది, ఊపిరి జరగలేదంటోంది. రెంటిలో ఒకటే నిజం కావాలి.

లాక్టేట్ రీడింగ్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. చెమటలో లాక్టేట్ రక్తంలో కంటే ఎక్కువగా ఉంటుంది. వేలి మీద చెమట సరిగా తుడవకపోతే రీడింగ్ అబద్ధంగా పెరుగుతుంది, అందులోనూ ఉక్కపోతలో. అందుకే తర్వాతి పరీక్షల్లో వేలిని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, మొదటి బొట్టును దూదితో తీసేసి, రెండో బొట్టు మీద చూశాను. స్ట్రిప్పులు ఎండ వేడికి పాడయ్యాయేమోనని కొత్త డబ్బా తెరిచి చూశాను. రీడింగులు మారలేదు.

మూడో సంగతిని ఒక అమ్మాయి తానుగా చెప్పింది. ఆమె రిపోర్టు చూసి కోచ్ మెచ్చుకుంటుంటే ఆమె నా వైపు తిరిగి, "అక్కా, పది శాతం పెరిగితే పరుగులో తెలియాలి కదా? మొన్న ఆగిన స్పీడ్ దగ్గరే మళ్లీ ఆగాను, ఆయాసం కూడా అంతే" అంది. ఫైళ్లు తీసి చూస్తే ఆమె మాట నిజం. ట్రెడ్‌మిల్ మీద మధ్యాహ్నం బ్యాచ్ ఆగిన చివరి వేగం జనవరితో పోలిస్తే దాదాపు కదలలేదు. ఒకే వాలులో, ఒకే వేగానికి, అదే శరీర బరువుతో పది శాతం ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతోందంటే ఆ పరుగు మరింత పొదుపు తప్పిందని అర్థం. ఎనిమిది వారాల సాధన తర్వాత బ్యాచ్ అంతా ఒకేసారి అలా మారడం అసాధ్యం.

ఆటగాళ్ల మాటను డేటాగా లెక్కలోకి తీసుకోవడం మా రంగంలో చాలామందికి అలవాటు లేదు. ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన మాట ఎంతో విలువైనది. ఆమెకు యంత్రం తెలియకపోవచ్చు, తన ఆయాసం ఆమెకు తెలుసు.

వెతుకులాట

ఏ భాగంలో పొరపాటు ఉందో తెలుసుకోవడానికి యంత్రాన్ని విప్పే ముందు కాగితం మీద ఆలోచించడం మేలు. మాస్క్ సరిగా కూర్చోక గాలి పక్కల నుంచి పోతే, యంత్రానికి చేరే గాలి పరిమాణం తగ్గి ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి. టర్బైన్ ఎక్కువ లెక్కిస్తే రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. రెండు సందర్భాల్లోనూ ఆర్‌ఈఆర్ మారదు. మా దగ్గర ఆర్‌ఈఆర్ మారింది. అయినా మూడు లీటర్ల సిరంజితో టర్బైన్‌ను నెమ్మదిగా, వేగంగా నడిపి చూశాను; మూడు శాతం హద్దు లోపలే ఉంది. కాబట్టి తేడా వాయువుల శాతాల్లోనే ఉండాలి.

కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ ఒక్కటే జారితే ఆక్సిజన్ వినియోగం పది శాతం మారేంత ప్రభావం ఉండదు. మిగిలింది ఆక్సిజన్ సెన్సార్. రసాయన ఘటంతో పనిచేసే ఆక్సిజన్ సెన్సార్లకు ఆయుష్షు పరిమితం. అవి ముసలివైతే స్పందన మందగిస్తుంది. అయితే ముసలి సెన్సార్ ఉదయం బాగుండి మధ్యాహ్నమే ఎందుకు పాడవుతుంది? ఈ ప్రశ్న నన్ను గొట్టం దగ్గరికి తీసుకువెళ్లింది.

పరీక్ష జరగని ఒక మధ్యాహ్నం, అధ్యయనం నడిపే మేడమ్‌తో చెప్పి, గదిని ఆ పరిస్థితిలోనే ఉంచాను: ఏసీ ఆగి ఉంది, కూలర్ నడుస్తోంది. హైదరాబాద్ నుంచి తెప్పించే కాలిబ్రేషన్ సిలిండర్‌లో 16 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతా నైట్రోజన్ ఉంటాయి. ఆ వాయువును గొట్టం లేకుండా నేరుగా సెన్సార్‌కు కలిపి చూస్తే ఉదయం ఎంత చూపిందో మధ్యాహ్నమూ అంతే చూపింది. అదే వాయువును గొట్టం గుండా పంపినప్పుడు మాత్రం ఆక్సిజన్ ఉదయం కంటే 0.2 శాతం తగ్గింది. సెన్సార్ ఆరోగ్యంగా ఉంది, దారిలో ఏదో కలుస్తోంది. గొట్టాన్ని గది గాలిలో వదిలి చూస్తే 20.93 ఉండాల్సిన చోట 20.65 కనిపించింది. పక్క గది నుంచి తెచ్చిన తేమ కొలిచే పరికరం 75 శాతం చూపింది.

ఇక చివరి నిర్ధారణ నా శరీరంతోనే చేశాము. మా ప్రయోగశాలలో వారానికోసారి నేను సైకిల్ ఎర్గోమీటర్ మీద 100 వాట్ల దగ్గర స్థిరంగా తొక్కి, ఆ రీడింగులను గోడ మీది చార్టులో గుర్తు పెడతాను. మనిషి సన్నబడినా లావైనా 100 వాట్ల సైకిల్ పనికి ఆక్సిజన్ ఖర్చు పెద్దగా మారదు కాబట్టి, మొత్తం యంత్రాన్ని ఒకేసారి తనిఖీ చేయడానికి ఇది మంచి పద్ధతి. నా విలువ నిమిషానికి లీటరున్నర దగ్గర, రెండు మూడు శాతం అటూ ఇటూగా నిలకడగా ఉంటుంది. తిన్న తిండిని బట్టి ఆర్‌ఈఆర్ మారుతుంది కాబట్టి తినడానికీ తొక్కడానికీ మధ్య ఎప్పుడూ ఒకే ఎడం పాటిస్తాను. కూలర్ గదిలో తొక్కినప్పుడు నా ఆక్సిజన్ దాదాపు 1.6 లీటర్లకు పెరిగింది, ఆర్‌ఈఆర్ 0.90 నుంచి 0.83కు పడింది. కరెంటు వచ్చి ఏసీ కుదురుకున్నాక, కూలర్‌ను వరండాలోకి నెట్టి, మళ్లీ కాలిబ్రేట్ చేసి తొక్కితే రెండూ వెనక్కి వచ్చాయి. మేడమ్ పక్కనే నిలబడి రెండు రీడింగులూ తన చేత్తో రాసుకున్నారు.

తేమ లెక్క

లెక్క సులువు కోసం వాతావరణ పీడనం 760 మిల్లీమీటర్లు అనుకుందాం. భోజనాల తర్వాత కాలిబ్రేట్ చేసినప్పుడు గది 26 డిగ్రీలు, తేమ 55 శాతం. అప్పుడు గాలిలో నీటి ఆవిరి పీడనం సుమారు 14 మిల్లీమీటర్లు. కరెంటు పోయి, కూలర్ పెట్టాక 30 డిగ్రీలు, 75 శాతం. ఆవిరి పీడనం సుమారు 24. ఆ పది మిల్లీమీటర్ల ఆవిరి మిగతా వాయువులన్నిటినీ కాస్త పక్కకు జరిపి చోటు చేసుకుంటుంది. 736ను 746తో భాగిస్తే 0.987 వస్తుంది. ప్రతి వాయువు శాతం ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది. 20.93ను దానితో గుణిస్తే వచ్చేది సరిగ్గా మా తెర మీద కనిపించిన 20.65.

ఇప్పుడు 50 కిలోల అమ్మాయి నిజంగా నిమిషానికి 2.50 లీటర్ల ఆక్సిజన్ వాడుకుంటోందనీ, ఆమె ఆర్‌ఈఆర్ 1.15 అనీ, వదిలే గాలి ప్రమాణ పరిస్థితుల్లో నిమిషానికి 85 లీటర్లనీ అనుకుందాం. ఆమె వదిలే గాలిలో ఆక్సిజన్ 17.90, కార్బన్ డయాక్సైడ్ 3.42 శాతం ఉంటాయి. తేమ వల్ల యంత్రం వాటిని 17.66, 3.37గా చదువుతుంది. నైట్రోజన్ ఆ మేరకు పెరిగినట్టు భావించి, పీల్చిన గాలిని ఎక్కువగా తేల్చి, చివరికి ఆక్సిజన్ 2.77 లీటర్లనీ, ఆర్‌ఈఆర్ 1.02 అనీ చెబుతుంది. కిలోకు 50 మిల్లీలీటర్ల అమ్మాయి కాగితం మీద 55 దాటిపోయింది. కార్బన్ డయాక్సైడ్ మీద ప్రభావం ఒకటి రెండు శాతమే. వీఓటూ పెరిగి, ఆర్‌ఈఆర్ తగ్గి, లాక్టేట్ మాత్రం ఎక్కువగా ఉండటం ఈ పొరపాటు ముద్ర. దీన్ని గుర్తుపెట్టుకుంటే యంత్రం విప్పకుండానే సగం రోగ నిర్ధారణ అయిపోతుంది.

శ్రమ పెరిగేకొద్దీ ఈ పొరపాటు పెరగడం ఇందులో మరింత చిక్కు. 100 వాట్ల దగ్గర ఆరు శాతం ఉన్నది గరిష్ఠం దగ్గర పది దాటుతుంది, ఎందుకంటే గట్టిగా ఊపిరి తీసే మనిషి వదిలే గాలిలో ఆక్సిజన్ తేడా ఇంకా చిన్నదవుతుంది. కాబట్టి తేలిక వేగం దగ్గర యంత్రం బాగానే ఉందని చూసుకుని, గరిష్ఠం దగ్గరా బాగానే ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు.

మూసిన ఏసీ గదిలో జనం పెరిగితే ఊపిరి కార్బన్ డయాక్సైడ్ పోగుపడి ఇదే వైపు మరో చిన్న పొరపాటు వస్తుంది. మా గదిలో అది తక్కువగానే ఉంది. అయినా స్నేహితురాళ్లు చుట్టూ నిలబడి ఉత్సాహపరచడం ఆపించాల్సి వచ్చింది.

డేటాను ఏం చేశాము

కారణం దొరికాక అసలు కష్టం మొదలైంది. మా యంత్రం ఊపిరి ఊపిరికీ ముడి విలువలను ఫైల్‌లో దాస్తుంది. కొందరి విషయంలో మాస్క్ పెట్టకముందే రికార్డింగ్ మొదలుపెట్టి ఉండటంతో, ఫైల్ ఆరంభంలో కొన్ని సెకన్ల పాటు గది గాలి విలువలు దొరికాయి. ఆ విలువను 20.93తో పోల్చి దిద్దుబాటు గుణకం కట్టి, మొత్తం ఫైల్‌ను మళ్లీ లెక్కించవచ్చు. అలా లెక్కిస్తే వాళ్ల ఆర్‌ఈఆర్ 1.10 పైకి వచ్చింది, పెరుగుదల మూడు నాలుగు శాతానికి దిగింది. లాక్టేట్‌తో, చివరి వేగంతో ఇప్పుడు అన్నీ పొసిగాయి.

అయినా ఈ దిద్దిన విలువలను ప్రధాన పట్టికలో పెట్టకూడదని నా అభిప్రాయం, అదే చెప్పాను. పరీక్ష సాగిన పన్నెండు పదమూడు నిమిషాల్లో కూలర్ పక్కనే తేమ ఇంకా పెరిగి ఉండవచ్చు. ఆరంభంలోని ఒక్క రీడింగ్ చివరి నిమిషానికి సాక్ష్యం కాదు. పైగా గది గాలి రికార్డు లేని ఫైళ్లను ఎలాగూ దిద్దలేము. ఒకే బృందంలో కొందరివి దిద్దిన అంకెలు, కొందరివి దిద్దనివి కలిపి సగటు తీయడం న్యాయం కాదు. బృందంలో ఒకరిద్దరు దిద్దుబాటు చాలని, సదస్సు గడువు దగ్గరపడిందని వాదించారు. మేడమ్ రెండు వైపులా విని, మధ్యాహ్నం బ్యాచ్ మొత్తాన్ని మళ్లీ పరీక్షించాలని నిర్ణయించి గడువును వదులుకున్నారు.

మళ్లీ పరీక్షించాలంటే ముందు మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘానికి తెలియజేయాలి. అమ్మాయిలు రెండు గరిష్ఠ పరీక్షలకే సమ్మతి పత్రం మీద సంతకం చేశారు. మూడోది వాళ్ల సమయాన్నీ శ్రమనూ అదనంగా అడగడమే. ప్రోటోకాల్‌లో జరిగిన తేడాను, దాని కారణాన్ని, అదనపు పరీక్ష అవసరాన్ని వివరిస్తూ సంఘానికి నివేదిక వెళ్లింది. కొత్త సమ్మతి పత్రాన్ని తెలుగులో రాసి, ఎందుకు మళ్లీ పిలుస్తున్నామో దాచకుండా అందులో చెప్పాము. ఈలోగా శిక్షణ ఆపేస్తే రెండు మూడు వారాల్లోనే సామర్థ్యం తగ్గడం మొదలవుతుంది కాబట్టి, పరీక్ష తేదీ దాకా ఎనిమిదో వారం మోతాదులోనే సాధన కొనసాగించమని కోచ్‌ను కోరాము. ఉదయం బ్యాచ్‌ను కూడా అదే వారంలో మళ్లీ పిలిచాము, లేకపోతే ఒక బృందానికి ఎక్కువ వారాల శిక్షణ దక్కినట్టవుతుంది.

హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడి ఆదివారం ఉదయాలు తీసుకున్నాము. రెండు బృందాల అమ్మాయిలనూ కలిపి, చీటీలు తీసి వరస నిర్ణయించాము. ప్రతి పరీక్షకు ముందు విడిగా కాలిబ్రేషన్, పరీక్ష ముగియగానే గది గాలి తనిఖీ జరిగాయి. ఫలితంలో రెండు బృందాలూ మెరుగయ్యాయి. ఇంటర్వెల్స్ బృందం కాస్త ముందుంది గానీ, ఆ తేడా మా కొలత తడబాటును దాటి చెప్పగలిగేంతది కాదు. సదస్సు కోసం గీసిన గ్రాఫ్‌ను పక్కన పెట్టేశారు.

మొదటి రిపోర్టులు అప్పటికే కొందరు అమ్మాయిల చేతుల్లో, వాళ్ల కోచ్‌ల ఫోన్లలో ఉన్నాయి. ఆ అంకెలను చూసి జిల్లా జట్టు ఎంపికలో మాట్లాడే అవకాశం ఉంది కాబట్టి, పాత కాగితాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుని మాట్లాడాను. 55 నుంచి 51కి దిగిన కాగితం చూసి ఒకమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె జనవరిలో 49 దగ్గర ఉందని, ఇప్పటి 51 ఆమె కష్టంతో వచ్చినదని, చివరి వేగం కూడా ఈసారి గంటకు అర కిలోమీటరు పెరిగిందని చూపించాను. ఆ సంభాషణలకు తీరిక చేసుకోవడం కూడా టెక్నీషియన్ పనిలో భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను. అంకె ఇచ్చిన చేత్తోనే దాన్ని మార్చినప్పుడు కారణం చెప్పే బాధ్యత మనదే.

ఇప్పటి పద్ధతి

కూలర్ ఇప్పుడు వరండాలో, వేచి ఉండే అమ్మాయిల దగ్గర ఉంది. పరీక్ష గదిలో గాలి కోసం పెద్ద పెడస్టల్ ఫ్యాన్ వాడుతున్నాము. ఫ్యాన్ గాలిని కదుపుతుంది, నీటిని కలపదు. జనరేటర్ లైనుకు ఏసీని కలిపించడానికి నెలన్నర పట్టింది. ఆలోగా కరెంటు పోతే ఆ పూట పరీక్షలు ఆపేశాము. ఏసీ లేకుండా ఫ్యాన్ ఒక్కటే పెట్టి గరిష్ఠ పరీక్ష చేయడం అమ్మాయిల ఆరోగ్యం దృష్ట్యా నేను ఒప్పుకోను, ఎంత ఒత్తిడి ఉన్నా సరే.

గొట్టం గాలి లాగే చోటికి దగ్గరగా తేమ, ఉష్ణోగ్రత కొలిచే డిజిటల్ పరికరాన్ని అమర్చడానికి ఆటోనగర్‌లో ఒక చిన్న ఇనుప స్టాండ్ చేయించాము. గోడ మీద పెడితే ఏసీ గాలి తగిలే చోటి సంగతి తెలుస్తుంది గానీ, ట్రెడ్‌మిల్ దగ్గరి సంగతి తెలియదు. పరీక్ష పత్రంలో ఇప్పుడు నాలుగు కొత్త గడులు ఉన్నాయి: కాలిబ్రేషన్ నాటి తేమ, పరీక్ష ముగిసినప్పటి తేమ, ముందటి గది గాలి ఆక్సిజన్, తర్వాతి గది గాలి ఆక్సిజన్. తేమ ఐదు శాతానికి మించి మారితే మళ్లీ కాలిబ్రేషన్ తప్పదు. పరీక్ష తర్వాత గది గాలి ఆక్సిజన్ 20.93 నుంచి 0.05 కంటే ఎక్కువ జారితే ఆ పరీక్షను చెల్లనిదిగా గుర్తు పెడతాము. ఈ హద్దులు మా గదికీ మా యంత్రానికీ మేము పెట్టుకున్నవి. మరో చోట మరో యంత్రానికి వాళ్లే పరీక్షించి పెట్టుకోవాలి. రికార్డింగ్‌ను ప్రతిసారీ మాస్క్ పెట్టకముందే మొదలుపెట్టి, అర నిమిషం గది గాలిని ఫైల్‌లో ఉంచుతున్నాము.

నాఫియాన్ గొట్టం లాలాజలం, చెమట తగిలి క్రమంగా పాడవుతుంది, అప్పుడు తేమను సమం చేసే శక్తి తగ్గుతుంది. ఉదయం పూట సిలిండర్ వాయువును నేరుగా ఒకసారి, గొట్టం గుండా ఒకసారి పంపి, రెండు రీడింగుల తేడాను చార్టులో గుర్తు పెడుతున్నాను. గది తేమతో సరిపోలనంతగా ఆ తేడా మారిన రోజు కొత్త గొట్టం వేస్తాము. టర్బైన్లు, మాస్కులు క్రిమిసంహారక ద్రావణంలో కడిగాక పూర్తిగా ఆరేదాకా మళ్లీ వాడము. వానాకాలంలో అవి ఆరడానికి రాత్రంతా పడుతోంది కాబట్టి మరో జత తెప్పించాము.

తర్వాతి అధ్యయనం ప్రణాళికలో పరీక్షల వేళను కూడా ఒక అంశంగా చేర్చారు. ఏ బృందానికీ ఒక పూట కేటాయించకుండా, ఉదయం బ్యాచ్‌లో రెండు బృందాల వాళ్లూ సమానంగా ఉండేలా జాబితా తయారవుతోంది. హాస్టల్ నుంచి ఉదయమే వచ్చే అమ్మాయిల కోసం ఆటో ఖర్చును బడ్జెట్‌లో పెట్టారు.